రేడియేషన్‌లో నోటిపూత: ఏ మౌత్‌వాష్ వాడాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. మా నాన్నకు నాలుక క్యాన్సర్. రెడ్‌హిల్స్‌లో గది తీసుకుని రోజూ రేడియేషన్‌కు తీసుకెళ్తున్నాను. నోరంతా పొక్కిపోయింది, రాగి జావ కూడా మింగలేకపోతున్నారు. మెడికల్ షాపులో క్లోర్‌హెక్సిడిన్ ఇచ్చారు. మంచిదేనా?

జవాబు: తమ్ముడూ, నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. క్లోర్‌హెక్సిడిన్ చిగుళ్ల జబ్బుకు పనికొస్తుంది. రేడియేషన్ పూతను ఆపడానికి అది వాడొద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టర్ రాయకపోతే పక్కన పెట్టండి. 2000లో అమెరికాలో కీమో రోగులకు మూడు రకాలు ఇచ్చి చూశారు: ఉప్పు-సోడా నీళ్లు, క్లోర్‌హెక్సిడిన్, మొద్దుబార్చే మందు కలిపిన మిశ్రమం. పూత తగ్గడానికి పట్టిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్నిటికన్నా చవక ఉప్పు-సోడా నీళ్లే.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంటసోడా కలపండి. బేకింగ్ పౌడర్ కాదు, చూసి కొనండి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి, తిన్న వెంటనే కూడా పుక్కిలించి ఉమ్మేయాలి. మింగకూడదు. రోజూ కొత్తగా కలపండి. పూతను ఇది మాయం చేయదు, నోటిని శుభ్రంగా, తడిగా ఉంచుతుంది. అదే ఇప్పుడు కావాల్సింది.

ప్రశ్న: సరే అక్కా. మరి నొప్పికి? అన్నం ముందు పెడితే ఏడుస్తున్నారు.

జవాబు: అయ్యో, చూడలేం కదా. నోటిని మొద్దుబార్చే లిగ్నోకైన్ కలిపిన మౌత్‌వాష్ రాయమని డాక్టర్‌ను అడగండి. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాంటి మిశ్రమం, డాక్సెపిన్ అనే మందు కలిపిన మౌత్‌వాష్ రెండూ మొదటి నాలుగు గంటల్లో నొప్పిని కొంత తగ్గించాయి. పూర్తిగా కాదు. అందుకే భోజనానికి కాసేపు ముందు వాడాలి. నోరు మొద్దుబారితే వేడి తెలియదు, మెతుకు గొంతుకు అడ్డం పడొచ్చు. పక్కనే కూర్చుని, చల్లారిన మెత్తని పెరుగన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. కారం, పులుపు వద్దు.

నొప్పి, వాపు తగ్గించే బెంజిడమైన్ మౌత్‌వాష్ కూడా మంచిదే, కానీ రేడియేషన్ మొదలైనప్పటి నుంచే వాడితే ఎక్కువ ఉపయోగం. ఇప్పుడు మంట పుడితే సమానంగా నీళ్లు కలపొచ్చు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు మాత్రం అసలు ముట్టుకోవద్దు.

నోట్లో తెల్లని మచ్చలు కనబడితే ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. నీళ్లు కూడా దిగకపోతే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి, ముక్కులోంచి ఆహారం పంపే గొట్టం పెట్టాల్సి రావచ్చు, దానికి టెన్షన్ పడొద్దు. కీమో కూడా నడుస్తుంటే, జ్వరం 100.4 దాటిన వెంటనే, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.