అప్‌డేట్: పాపకి అసలు కథలే ఇచ్చాను

మా 9 ఏళ్ల పాపకి అద్భుత కథల్ని కుదించకుండా, ఉన్నవి ఉన్నట్టు ఇవ్వొచ్చా, భయపడుతుందేమో అని రెండు నెలల కిందట అడిగాను కదా. "మొదట మీరు పక్కన కూర్చుని చదవండి" అన్నవాళ్ల మాటే విన్నాను.

డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన జలకన్య (1837)తో మొదలుపెట్టాం. రాకుమారుడు వేరే పెళ్లి చేసుకోవడం, ఆమె నురగైపోవడం... పాప ఏడ్చేసింది. నాకు టెన్షన్. మర్నాడు తనే పుస్తకం తీసి మళ్లీ ఆ పేజీలే చదువుకుంది! జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల కప్పరాజు కథలో ముద్దూ లేదు గిద్దూ లేదు, రాకుమారి గోడకేసి కొడితే కప్ప మనిషవుతుంది. దానికి పడీపడీ నవ్వింది. వాళ్ల పుస్తకం 1812 నాటి తొలి ముద్రణలో స్నోవైట్‌ని చంపించాలనుకున్నది సవతి తల్లి కాదు, కన్నతల్లే అని చెప్పానా, నన్ను అదోలా చూసింది.

నవలల్లో 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' సగంలో ఆగింది. ఆ మాటల గారడీ అనువాదంలో నిలవలేదనుకుంటా. చెక్కబొమ్మ పినోకియో కథని మాత్రం వదలట్లేదు. రచయిత మొదట 15వ అధ్యాయంలో బొమ్మని చెట్టుకి ఉరితీసి కథ ముగించేశాడు, తర్వాతే కొనసాగించాడు అంటే, "లేకపోతే నేనే ఉత్తరం రాసేదాన్ని" అంది.

ఇప్పుడు నేను పక్కన కూర్చుంటే, "నువ్వెళ్లమ్మా, నేను చదువుకుంటా" అంటోంది.