పార్కులో ఉచిత కచేరీలకి సిటీ హోటల్ పన్ను నిధులు: మెలికలు ఎక్కడ?

డాలస్_సంఘం అడిగారు:
డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక సిటీలో మాది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న, లాభాపేక్ష లేని తెలుగు సంఘం. వచ్చే వసంతంలో సిటీ పార్కు స్టేజి మీద నాలుగు ఉచిత కచేరీలు పెట్టాలని ఆలోచన. రెండు కర్ణాటక సంగీతం, ఒకటి జానపదం, ఒకటి పాత సినిమా పాటలు. ఖర్చు 48,000 డాలర్ల దాకా అవుతుంది. పార్క్స్ వాళ్లని కదిపితే "హోటల్ పన్ను నిధి ఉంది, అప్లై చేయండి" అన్నారు. సగం అడగొచ్చా? ముందే చెక్కు ఇస్తారా?

ఖాతాల_మనిషి:
ముందే చెక్కు మీద ఆశ పెట్టుకోకండి. టెక్సస్ రాజ్యాంగం మూడో అధికరణం 52వ సెక్షన్ ప్రకారం సిటీ ఎవరికీ ప్రజల సొమ్ము ఊరికే ఇవ్వకూడదు. కాబట్టి అది విరాళం కాదు, ఒప్పందం. మీరు ఫలానా పని చేస్తారు, దానికి సిటీ డబ్బు కడుతుంది. చాలా చోట్ల మీరు ఖర్చు పెట్టి బిల్లులిచ్చాకే తిరిగి ఇస్తారు. అంటే 24,000 మంజూరైనా, 48,000 మొత్తం ముందు మీ ఖాతాలోంచే కదలాలి.

ఇక హోటల్ పన్ను. గది అద్దె మీద రాష్ట్రం 6 శాతం, సిటీ 7 శాతం దాకా వేస్తాయి. సిటీ వాటాని ఎలా వాడాలో టెక్సస్ పన్ను చట్టం (టాక్స్ కోడ్) 351వ అధ్యాయం చెబుతుంది. పరీక్షలు రెండు: ఖర్చు నేరుగా పర్యాటకానికీ హోటళ్లకీ మేలు చేయాలి, ఆపైన చట్టంలో రాసిన పద్దుల్లో ఒకదానికి సరిపోవాలి. కళలు అందులో ఒక పద్దు. దానికి పరిమితి వసూళ్లలో 15 శాతం, లేదా గది అద్దెలో 1 శాతానికి సమానమైన సొమ్ము, ఏది ఎక్కువైతే అది. ఆ కాస్తలోనే థియేటర్లు, ఆర్కెస్ట్రాలు అన్నీ పోటీ పడతాయి.

మన సంఘాల దరఖాస్తులు బోల్తా కొట్టేది మొదటి పరీక్షలో. పిల్లలకి సంస్కృతి తెలుస్తుందని రెండు పేజీలు రాస్తారు, హోటల్ గది ఊసే ఉండదు. నాలుగు నెలల్లో నాలుగు శనివారాలు పెడితే వచ్చేది చుట్టుపక్కల వాళ్లే. వాటినే రెండు వారాంతాలుగా, శని ఆదివారాలు కలిపి పెట్టండి. ఆస్టిన్, హ్యూస్టన్ నుంచి వచ్చేవాళ్లు ఒక రాత్రి ఆగుతారు. దగ్గర్లోని హోటల్లో మీ పేరుతో బుకింగ్ కోడ్ తీసుకోండి, గేటు దగ్గర వచ్చినవాళ్ల ఊరి జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) రాయించుకోండి. రిపోర్టులో పనికొచ్చే అంకెలు ఆ రెండే.

సిటీల ఆర్థిక సంవత్సరం సాధారణంగా అక్టోబర్ 1న మొదలవుతుంది. కాబట్టి దరఖాస్తులు వేసవికి ముందో వేసవిలోనో అడుగుతారు. వసంతం కచేరీకి జనవరిలో పరిగెడితే ఆ ఏడాది పద్దు అప్పటికే పంచేసి ఉంటుంది.

బిల్లుల_కట్ట:
డబ్బు ఆగేది బిల్లుల దగ్గర. సౌండ్ కంపెనీ ఇన్వాయిస్ సంఘం పేరు మీదే ఉండాలి. ఆఫీస్ బేరర్ సొంత క్రెడిట్ కార్డుతో కట్టి "తర్వాత సర్దుకుందాం" అంటే కొన్ని సిటీలు ఆ బిల్లు పక్కన పెట్టేస్తాయి. ఇన్వాయిస్‌కి కట్టిన చెక్కు నకలు, ఆ చెక్కు క్లియరైనట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేయాలి. ఒప్పందం మీద సంతకం కాకముందు తేదీ ఉన్న బిల్లు చెల్లదు, అడ్వాన్స్ కూడా అంతే. హోటల్ పన్ను సొమ్ము ముందే చేతికొచ్చే పద్ధతైతే దాన్ని వేరే ఖాతాలో ఉంచాలి, సభ్యత్వ రుసుముల్లో కలపకూడదు. కనీసం మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి.

పార్క్ అద్దె, పోలీసులు, కరెంటు మనిషి: ఇవి నగదుగా అడగొద్దు. పార్క్స్ శాఖతో వేరే సహ నిర్వహణ ఒప్పందం రాసుకుని మాఫీ చేయించండి, మీ బడ్జెట్టే తగ్గుతుంది. ఇన్సూరెన్స్ మాత్రం తప్పదు: సాధారణంగా ఘటనకి 10 లక్షలు, మొత్తం 20 లక్షల డాలర్లు అడుగుతారు. సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా, మీ పాలసీ రక్షణ సిటీకీ వర్తించేలా దాన్ని అదనపు బీమాదారుగా (అడిషనల్ ఇన్‌ష్యూర్డ్) చేర్చిన ఎండార్స్‌మెంట్ పేజీ, అంటే పాలసీకి జతచేసే పేజీ, కూడా తెప్పించుకోండి. టెక్సస్ వసంతం అంటే ఉరుములు, వడగళ్లు. సౌండ్ వాళ్ల ఒప్పందంలో మారు తేదీ రాయించకపోతే అడ్వాన్స్ గాల్లో కలిసినట్టే.

డాలస్_సంఘం:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. పాటల హక్కుల సంగతేంటి? అన్నమయ్య, త్యాగయ్య కృతులకి లైసెన్స్ అక్కర్లేదు కదా?

తంబురా_శ్రుతి:
త్యాగయ్య 1847లో పోయారు, ఆ కృతులకి ఇబ్బంది లేదు. అన్నమయ్య దగ్గరే జాగ్రత్త. సాహిత్యం అయిదు వందల ఏళ్ల నాటిదే, కానీ అసలు వరసలు చాలావరకు దొరకలేదు. ఇవాళ మనం పాడేవాటిలో ఎక్కువ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు 20వ శతాబ్దంలో కట్టినవి. బాణీకి హక్కు వేరే ఉండొచ్చు. సినిమా పాటలకైతే సందేహమే లేదు. ప్రవేశం ఉచితమే కదా అనుకోవద్దు. ఉచిత కచేరీకి లైసెన్స్ అక్కర్లేదన్న మినహాయింపు పాడేవాళ్లకీ నిర్వాహకులకీ ఎవరికీ డబ్బివ్వనప్పుడే. పాటలు పాడేందుకు లైసెన్సులిచ్చే యాస్కాప్, బీఎంఐ సంస్థల నుంచి సిటీకి లైసెన్సులు ఉంటే అవి మీ కచేరీకి వర్తిస్తాయా అని ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇండియా నుంచి గాయకుల్ని పిలిస్తే ఇంకో సంగతి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి పారితోషికం ఇవ్వకూడదు, సంప్రదాయ కళల ప్రదర్శనకి వచ్చేవాళ్లకిచ్చే పీ-3 లాంటి వీసా కావాలి. ముందే ఐఆర్ఎస్‌తో (అమెరికా పన్నుల శాఖ) తగ్గింపు ఒప్పందం లేకపోతే, ఇచ్చే సొమ్ములో 30 శాతం పట్టి ఐఆర్ఎస్‌కి కట్టి, ఆ పన్ను పట్టిన లెక్క చెప్పే 1042, 1042-ఎస్ ఫారాలు దాఖలు చేయాలి. సిటీకిచ్చే బిల్లుల కట్టలో ఆ చెల్లింపు పేరుతో సహా ఉంటుంది కాబట్టి ఇది ఎవరి కంటా పడదనుకోవద్దు.

కృతుల్లో భక్తి ఉన్నంత మాత్రాన సిటీ కాదనదు, దరఖాస్తులో కర్ణాటక సంగీతం అని రాయండి. స్టేజి మీద పూజ, హారతి మాత్రం సిటీ డబ్బు పద్దులో పెట్టకండి. సిటీ అటార్నీ (సిటీ తరఫు లాయరు) మొదట కొట్టేసేది దాన్నే.