సరళీ స్వరాలు: శ్రుతి ఎంత పెట్టాలి, మూడో కాలంలో తాళం ఎందుకు పరిగెడుతుంది?

కొత్త_గొంతు: ఆన్‌లైన్‌లో కర్ణాటక గాత్రం మొదలుపెట్టాను, సరళీ స్వరాలు (మొదటి స్వర పాఠాలు) నడుస్తున్నాయి. మగ గొంతు. తంబురా యాప్‌లో శ్రుతి (నా 'స' ఉండే స్థాయి) ఎంత పెట్టుకోవాలి? మూడో కాలానికి (నాలుగు రెట్ల వేగానికి) వచ్చేసరికి తాళం చెయ్యి దాటిపోతోంది. ఇంకో సందేహం, ఈ పాఠాలకి మాయామాళవగౌళ రాగమే ఎందుకు? శంకరాభరణం తేలిగ్గా పలుకుతోంది కదా.

మంద్రపంచమం: మగవాళ్ళకి ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య కుదురుతుంది. యాప్‌లో సి అంటే ఒకటి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు. కింద మంద్ర పంచమం (కింది స్థాయి ప) గాలిలా కాకుండా నాదంగా వినబడాలి, పైన తారస్థాయి గాంధారం (పై స్థాయి గ) దాకా గొంతు బిగుసుకోకూడదు. ఈ రెండూ కుదిరిన చోట ఆగండి, రోజుకోటి మార్చకండి. తంబురాని స-ప లోనే ఉంచండి. ఫోన్ స్పీకర్‌లో మంద్ర షడ్జమం (కింది స్థాయి స) దాదాపు వినబడదు, విడిగా స్పీకర్ పెట్టుకోవడం మేలు.

లఘువు_ద్రుతం: పరిగెడుతున్నది చెయ్యే. కాలం మారినా దెబ్బ వేగం మారకూడదు, దెబ్బకి పడే స్వరాలే ఒకటి, రెండు, నాలుగు అవుతాయి. ఆదితాళంలో దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, ఆ తర్వాత దెబ్బ-విసురు రెండుసార్లు: మొత్తం ఎనిమిది, ఇదే ఒక ఆవర్తనం. మొదటి వరుస ఆరోహణ అవరోహణ కలిపి 16 స్వరాలు. మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు, రెండో కాలంలో ఒకటి, మూడో కాలంలో సగం. అందుకే మూడో కాలంలో రెండుసార్లు పాడితేగానీ ఆవర్తనం నిండదు. చాలామంది ఒక్కసారి పాడి ఆపేసి, లెక్క తప్పిందనుకుంటారు. మెట్రోనోమ్ (లయ కొట్టే యాప్) నిమిషానికి 40 దెబ్బల దగ్గర పెట్టి, మూడో కాలం తేటగా పలికాకే పెంచండి. అకారంలో ('ఆ' అంటూ) కూడా పాడాలి. స్వరాల పేర్లు తీసేస్తేనే అపస్వరం దొరుకుతుంది.

మంద్రపంచమం: రాగం సంగతి. మాయామాళవగౌళలో స-రి-గ-మ మధ్య దూరాలు ఎలా ఉంటాయో ప-ద-ని-స మధ్య అచ్చం అలాగే ఉంటాయి. శంకరాభరణంలోనూ అంతే, కాబట్టి అదొక్కటే కారణమని చెప్పను. మాయామాళవగౌళలో రి, స పక్కనే ఉంటుంది, గ దూరంగా ఉంటుంది. దగ్గరి స్వరం, దూరపు స్వరం రెండింటికీ చెవి పదునెక్కుతుంది. ఈ పాఠక్రమాన్ని పురందరదాసుకి ఆపాదిస్తారు. హిందుస్తానీలో చాలామంది బిలావల్‌తోనే మొదలుపెడతారు, అది మన శంకరాభరణం స్వరాలే. అవరోహణలో గాంధారం జారకుండా చూసుకోండి, ఎక్కువమందికి తప్పేది అక్కడే.

కొత్త_గొంతు: క్లాసులో గురువుగారితో కలిపి పాడితే వెనకబడుతున్నాను. అది కూడా తాళం తప్పడమేనా?

లఘువు_ద్రుతం: కాదు, నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఆయన పాడాక మీరు పాడండి, తాళం మీవైపే వెయ్యండి.