ఏడో తరగతి అమ్మాయి, హెర్న్‌డన్‌లో ఇల్లు: పదికి పది బడి తప్పనిసరా?

కొత్తగా వచ్చిన అమ్మ: నమస్కారం. హైదరాబాదు నుంచి నెల క్రితం వర్జీనియాకు వచ్చాం. అమ్మాయిని ఏడో తరగతిలో చేర్చాలి. ఇంటర్నెట్ సైట్లలో పదికి పది రేటింగు ఉన్న బడి పరిధిలోనే ఇల్లు తీసుకోమంటున్నారు. అక్కడ అద్దె 800 డాలర్లు ఎక్కువ. అంత పెట్టాలా?

చాంటిలీ బాబాయి: అమ్మా, ముందు అద్దె ఒప్పందంలో మీ పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. 2011లో మేము తోడల్లుడి ఇంట్లో దిగాం. ఒప్పందం ఆయన పేరున ఉంది. బడి నమోదు కార్యాలయంలో ఇంటి యజమాని సంతకం, నోటరీ ముద్ర కావాలన్నారు. ఆ యజమాని ఊళ్లో లేడు. తీరా అన్నీ పట్టుకెళ్తే టీకాల చీటీ దగ్గర ఆగిపోయింది. 04-11 అంటే ఏప్రిలా, నవంబరా అని కిటికీ అవతలి ఆవిడ కాగితం వెనక్కి తోసింది. మా వాడు పదకొండు రోజులు పసుపుపచ్చ బస్సు వెళ్లడం చూస్తూ ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ చూపు నేను మరిచిపోలేను.

రెస్టన్ అక్క: ఆమె అడిగింది అది కాదు బాబాయి గారూ. చెల్లీ, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ అంతా ఒకే విద్యా జిల్లా. వీధి మారితే జిల్లా మారదు. రేటింగు ఎక్కువగా పరీక్ష మార్కులను బట్టి వస్తుంది, మార్కులేమో ఇంటి ఆదాయాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. మా పాప బడిలో ఇంటి ఆదాయం తక్కువై ఉచిత భోజనం తీసుకునే పిల్లలు ఎందరో. అక్కడి లెక్కల టీచరు ఒకే లెక్కను మూడు దారుల్లో చేయించి, ఏ దారి ఎందుకు నచ్చిందో పిల్లల చేతనే చెప్పించేవారు. ఇంకో మాట, ప్రతిభను బట్టి పిల్లలను ఎంచుకునే ప్రభుత్వ సైన్సు బడి ఉంది, థామస్ జెఫర్సన్ హైస్కూలు. అందులో ఇప్పుడు ప్రతి మిడిల్ స్కూలుకూ ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతం చొప్పున సీట్లు కేటాయిస్తారు.

చాంటిలీ బాబాయి: 2020లో ప్రవేశ పరీక్ష తీసేశారని కూడా చెప్పమ్మా. ఏళ్ల తరబడి రాత్రిళ్లు చదివిన పిల్లలకు అది అన్యాయం. ఆసియా పిల్లల వాటా 73 నుంచి 54 శాతానికి పడిపోయింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2023లో అప్పీలు కోర్టు వాళ్ల వాదన కాదంది, 2024లో సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు.

రెస్టన్ అక్క: పేద కుటుంబాల పిల్లలు అంతకుముందు ఒక శాతం కూడా లేరు, పరీక్ష తీసేశాక తొలి ఏడాదే నాలుగో వంతు వచ్చారు. వాళ్లవి రాత్రిళ్లు కావా? కోచింగు ఫీజు కట్టలేని ఇంట్లోనూ తెలివైన పిల్లలు పుడతారు.

ఆష్‌బర్న్ మాస్టారు: నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. పరీక్ష పోయినా అర్హత పోలేదు. మార్కుల సగటు, అంటే జీపీఏ, నాలుగుకు 3.5 ఉండాలి, ఎనిమిదిలో కనీసం ఆల్జీబ్రా చదువుతూ ఉండాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో సమానత్వం పేరుతో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తొమ్మిదికి జరిపారు. స్తోమత ఉన్నవాళ్లు బయట చెప్పించుకున్నారు. పదేళ్లకు దాన్ని వెనక్కి తేవాలని నిర్ణయించారు. అందరికీ తలుపు తీయండి, గది మాత్రం మూయకండి అని నా గొడవ. అమ్మా, అద్దె ఒప్పందంపై సంతకం పెట్టకముందే, పిల్లల చదువుపై సలహా ఇచ్చే బడి కౌన్సిలరును కలవండి. అమ్మాయిని ఏ లెక్కల తరగతిలో కూర్చోబెడతారో అడగండి.

కొత్తగా వచ్చిన అమ్మ: అందరికీ కృతజ్ఞతలు. టీకాల చీటీ తీసి చూశాను, 07-09 అని ఉంది. ఈ రాత్రే హైదరాబాదు డాక్టరుగారికి ఫోను చేసి, నెల పేరు అక్షరాలతో రాయించుకుంటాను. సోమవారం కౌన్సిలరును కలుస్తాం.