పర్యాటక ప్రదేశానికి జన పరిమితిని నిర్ణయించవలసింది కేంద్రమా, స్థానిక సంస్థలా?

పటమట పాఠకుడు:
కేంద్ర పర్యాటక శాఖ 2022లో సుస్థిర పర్యాటకానికి జాతీయ వ్యూహపత్రాన్ని వెలువరించింది. 2014-15లో సర్క్యూట్ల పద్ధతిలో, అంటే ఒకే ఇతివృత్తం ఉన్న ప్రదేశాలను కలిపి అభివృద్ధి చేసే పద్ధతిలో మొదలైన స్వదేశ్ దర్శన్ పథకాన్ని కూడా ఒక్కొక్క గమ్యస్థానం ప్రాతిపదికగా మార్చారు. మన రాష్ట్రం నుంచి గండికోట, అరకు-లంబసింగి అందులో చేరాయి. ఏ ప్రదేశం ఎంతమందిని భరించగలదో కేంద్రమే లెక్కగట్టాలనీ, ఆ సంఖ్య దాటనిచ్చిన చోటికి నిధులు ఆపివేయాలనీ నా వాదన. రాష్ట్రాలకు వదిలివేస్తే వచ్చిన జనాన్నే విజయంగా ప్రకటించుకుంటాయి. ఊటీ, కొడైకెనాల్‌లకు 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టడానికి మద్రాసు హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది కదా!

అరండల్‌పేట న్యాయవాది:
పాఠకుడు గారూ, రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని ఏ జాబితాలోనూ పర్యాటకం పేరు లేదు గానీ, దేశంలోపలి తీర్థయాత్రలు మాత్రం రాష్ట్ర జాబితాలో 7వ అంశంగా ఉన్నాయి. కనుక దసరా ఉత్సవాల్లో మూలా నక్షత్రం నాడు విజయవాడ కనకదుర్గ గుడి ఉన్న ఇంద్రకీలాద్రి మీదికి ఎంతమందిని పంపాలో ఢిల్లీ శాసించడం చట్టప్రకారమే కష్టం.

చట్టాన్ని పక్కన పెట్టినా, ఒకే సంఖ్యతో పని జరగదు. ఆ రోజు వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలైన్లది ఒక లెక్క, దుర్గా ఘాట్‌లో స్నానాలకు దిగేవారిది మరొక లెక్క, బస్టాండు నుంచి నడిచి వచ్చేవారిది ఇంకొక లెక్క. 2015 జూలై 14న రాజమండ్రిలో గోదావరి పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో 27 మంది చనిపోయింది ఊరు మొత్తం పట్టక కాదు, ఒకే ఘాట్ దగ్గర జనం ఆగిపోయినందువల్ల. అటువంటిది గేటు దగ్గర నిలబడినవాడికే ముందు తెలుస్తుంది.

ఇబ్రహీంపట్నం వాస్తవ్యుడు:
మీరిద్దరూ జనాన్నే లెక్కిస్తున్నారు, నిర్వహణ మాట ఎత్తడం లేదు. స్వదేశ్ దర్శన్ కింద కట్టేందుకు డబ్బు కేంద్రం ఇస్తుంది. కట్టాక నడిపే భారం రాష్ట్రానిది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు భవానీ ద్వీపం మునిగింది. మేట వేసిన బురదను ఎత్తించడానికీ, కొట్టుకుపోయినవి మళ్లీ నిలబెట్టడానికీ ఏ ప్రణాళికలోనైనా పద్దు ఉండాలా, వద్దా? 2017 నవంబరులో మా పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పడవను ఆపవలసినవాడు రేవులో ఉండాలి గానీ ఢిల్లీలో కాదు.

ఇక కొండపల్లి బొమ్మల సంగతి. వాటికి తెల్లపొణికి కర్రే కావాలి. తేలిక గనుక చెక్కడానికి అనువుగా ఉంటుంది, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతుకుతారు. ఆ చెట్టు కొండ మీద తగ్గిపోతుంటే, బొమ్మల కాలనీకి పర్యాటకులను తేవడమే అభివృద్ధి అనుకునే ప్రణాళిక మొక్కలు నాటే పద్దు లేకుండా సుస్థిరం ఎలా అవుతుంది?

పటమట పాఠకుడు:
రేవులో మనిషి ఉండాలన్న మాట సరే. కానీ ఆ మనిషి మీద పడవల యజమానుల ఒత్తిడి ఉంటుంది, హోటళ్ల వారిది ఉంటుంది, వార్డు నాయకులది సరేసరి. కేంద్రం సంఖ్యను చెప్పకపోయినా, రోజువారీ లెక్కనూ నిర్వహణ ఖర్చునూ బహిరంగంగా ప్రకటించిన ఊరికే రెండో విడత నిధులు ఇస్తామనే షరతు పెట్టవచ్చు.

అరండల్‌పేట న్యాయవాది:
ఆ షరతుకు నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి చేర్చండి: లెక్కించే సిబ్బంది జీతం కూడా ఆ నిధుల నుంచే రావాలి. లేకపోతే కృష్ణా పుష్కరాల ఏడాది 2028లో అంకెలు ఆఫీసులో కూర్చుని రాస్తారు.