మెదక్ చర్చికి మూడో తరగతి పిల్లల యాత్ర: అనుభవజ్ఞుల సలహా కావాలి

సికింద్రాబాద్‌లోని ఒక క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలో నేను మూడో తరగతి ఉపాధ్యాయురాలిని. క్రిస్మస్ వేడుకలకు ముందు మా 40 మంది పిల్లలను ఒక్కరోజు యాత్రగా మెదక్ చర్చికి తీసుకువెళ్లాలని ఉంది. కరవు కాలంలో ఆకలిగొన్నవారికి పని, అన్నం కల్పిస్తూ బ్రిటిష్ మిషనరీ పాస్నెట్ దొర కట్టించగా, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరం కథ పుస్తకంలో కన్నా అక్కడే పిల్లల మనసుకు హత్తుకుంటుందని నా నమ్మకం. రంగుటద్దాల కిటికీలలోని యేసు జననం, సిలువ, ఆరోహణ దృశ్యాలు పగటి వెలుతురుతోనే కనిపిస్తాయి కనుక, ఏ వేళకు చేరుకోవడం మంచిది? చిన్నపిల్లలతో వెళ్లివచ్చినవారు భోజనానికి, మరుగుదొడ్లకు ఏ ఏర్పాట్లు చేసుకున్నారు? అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది, తరగతిలోని హిందూ, ముస్లిం పిల్లల తల్లిదండ్రులకు పంపే అనుమతి పత్రం. వారి మనసు నొచ్చుకోకుండా దానిని ఎలా రాయాలో దయచేసి తెలియజేయండి.