మంగళగిరి దగ్గర రెండెకరాలు: వృద్ధుల కోసం ఫ్లాట్లు కట్టొచ్చా?

గుంటూరు_బిల్డర్ (ప్రశ్న):
మంగళగిరి దగ్గర రోడ్డు పక్కనే రెండెకరాలుంది. ఎయిమ్స్‌కు పావుగంట. అరవై దాటినవాళ్ల కోసం జి+4లో 60 ఫ్లాట్లు వేద్దామని ఆలోచన. అడుగుతున్నవాళ్లు ఎక్కువగా అమెరికాలో ఉన్న పిల్లలు, ఇక్కడున్న అమ్మానాన్నల కోసం. కట్టడం మాకు అలవాటే. అమ్మాలా, డిపాజిట్ తీసుకుని లీజుకివ్వాలా? నెలవారీ ఛార్జీ ఎలా లెక్కేయాలి? అసలు దిగొచ్చా?

నిర్వహణ_లెక్కలు:
ముందు నడిపేదెవరో తేల్చుకోండి. మామూలు అపార్ట్‌మెంట్‌లో తాళాలిచ్చి, అసోసియేషన్‌కు అప్పజెప్పి బయటపడతారు. ఇక్కడ అసలు పని అప్పుడే మొదలవుతుంది.

24 గంటలూ మనిషి ఉండాల్సిన ఒక్క పోస్టు తీసుకోండి. వారానికి 168 గంటలు, ఒకరు చేసేది 48. అంటే మూడున్నర మంది, సెలవులు కలిపితే నలుగురు. నర్సు, ఆయా, సెక్యూరిటీ, మూడు పోస్టులకు 12 మంది. సగటు జీతం 18,000 అనుకుంటే నెలకు 2,16,000. అరవై ఇళ్లూ కడితే ఇంటికి 3,600. మొదటి ఏడాది 15 ఇళ్లే కడితే 14,400. ఎవరూ అంత కట్టరు, ఆ లోటు మీ మీదే పడుతుంది.

వంటగది ఇంకా మొండిది. ఇరవై మందికి వండినా అరవై మందికి వండినా వంటమనిషి జీతం ఒకటే. పిల్లలు కొని తాళం వేసి ఉంచిన ఫ్లాట్ల నుంచి భోజనం డబ్బు రాదు. అందుకే ఛార్జీని రెండుగా విడగొట్టండి: స్థిర ఛార్జీ ఫ్లాటు ఖాళీగా ఉన్నా కట్టాలి, భోజనానికీ వ్యక్తిగత సేవకూ వాడినంతే. ఏటా ఎంత శాతం పెంచుతారో మొదటి అగ్రిమెంటులోనే రాయండి. తర్వాత పెంచుతామంటే పింఛను మీద బతికేవాళ్లు ఒప్పుకోరు, అప్పుడు మొదట కోత పడేది నర్సు పోస్టుకే.

సివిల్_సైట్:
దిగితే బాత్రూమ్ మీద దృష్టి పెట్టండి, పెద్దవాళ్లు తరచూ పడే చోట్లలో అదొకటి. తలుపు లోపలికి తెరుచుకోకూడదు: మనిషి లోపల పడిపోతే ఒంటికి అడ్డంపడి తలుపు రాదు. బయటికి తెరుచుకునేదో, పక్కకు జరిగేదో పెట్టి, గడియ బయటినుంచీ తీయగలిగేలా చూడండి. గడప వద్దు. చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మి.మీ. ఖాళీ, తలుపుకు 900 మి.మీ. వెడల్పు ఉండాలి.

పట్టుకునే కడ్డీల విషయంలోనే చాలామంది బిల్డర్లు పొరపాటు చేస్తారు. ఏఏసీ బ్లాక్ (గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీట్ ఇటుక) గోడలో మామూలు ఫాస్టెనర్ మనిషి బరువుకు ఊడొస్తుంది. కడ్డీ వచ్చే ఎత్తులో గోడ కట్టేటప్పుడే కాంక్రీట్ బ్యాండ్ వేయించండి. టైల్స్ అయ్యాక చేద్దామంటే కుదరదు.

ఎనిమిది మంది ఎక్కే మామూలు లిఫ్టు లోతు 1100 మి.మీ. ఉంటుంది, స్ట్రెచర్ పట్టదు. ఒక లిఫ్టయినా రెండు మీటర్లకు పైగా లోతు ఉండాలి. జనరేటర్, కరెంటు ప్యానెల్ సెల్లార్‌లో పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. కరెంటు పోతే నాలుగో అంతస్తులోని ఎనభై ఏళ్లావిడను కిందికి దించడం ఎంత కష్టమో ఆలోచించండి.

దస్తావేజు:
అమ్మకమా, లీజా అంటే మీ దగ్గరికి వచ్చేవాళ్లకు అమ్మకమే నయం. పాత ఇల్లు అమ్మి వచ్చేవాళ్లు ఆ లాభం మీద ఆదాయపు పన్ను మినహాయింపు కోసం మళ్లీ ఇల్లు కొనాలి, లీజు డిపాజిట్‌తో ఆ మినహాయింపు రాదు. లీజయితే మీ పెట్టుబడి ఏళ్లకేళ్లు ఇరుక్కుంటుంది.

రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పదు, కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. బ్రోషర్‌లో ‘24 గంటలూ డాక్టర్’ అని వేసి ఇవ్వకపోతే, అది నమ్మి నష్టపోయినవాళ్లకు అదే చట్టం సెక్షన్ 12 కింద పరిహారం కట్టాలి. ఇవ్వగలిగిందే వేయండి. వారసత్వంగా వచ్చిన ఫ్లాటయినా, అందులో ఉండేవాళ్లలో ఒకరికి అరవై నిండాలన్న షరతు సేల్ డీడ్‌లోనూ, అసోసియేషన్ నిబంధనల్లోనూ రాయించండి. లేకపోతే పదేళ్లలో మామూలు అపార్ట్‌మెంట్ అయిపోతుంది. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, మీ అడ్వకేట్‌తో కలిసి చదవండి.

గుంటూరు_బిల్డర్:
అయితే 60 ఫ్లాట్లు తక్కువేనా?

నిర్వహణ_లెక్కలు:
అరవైలో నలభై ఇళ్లలో మనుషులుంటే నడుస్తుంది. ప్లాన్ పెట్టకముందే, అడుగుతున్న ప్రతి పిల్లవాడినీ ఒకటే అడగండి: మీ అమ్మానాన్న ఏ నెలలో వచ్చి ఉంటారు? వీలైతే ఆ పెద్దవాళ్లతోనే మాట్లాడండి. ఏడాదిలోపు వస్తామని ముప్పై మందైనా చెప్పకపోతే, మామూలు అపార్ట్‌మెంటే కట్టి అందులో సివిల్ గారు చెప్పిన బాత్రూములూ లిఫ్టూ పెట్టండి.